పాత కుర్చీల పేజీ

నాకు ముక్కు మీద కోపమని మా ఆఫీసులో అందరూ అంటారు. అననీండి. ఇరవై రెండేళ్లుగా లిఫ్టు గుంటల్లో దిగి, డాబా మీద మెషీను గదుల్లో చెమటలు కక్కి, ఇంకా ఎంతసేపయ్యా అని ఆరో అంతస్తు నుంచి అరిచేవాళ్లకు జవాబు చెప్పుకుంటూ బతికినవాడికి కోపం కాక ఇంకేం వస్తుంది? అయితే ఇప్పుడు చెప్పబోయేది నా సంగతి కాదు, మా వదిన సంగతి. ఆవిడ మీద వచ్చినంత కోపం నాకు ఇంకెవరి మీదా రాలేదు. అందుకని ఆవిడ గురించి చెప్పే హక్కు అందరికంటే నాకే ఎక్కువని నా లెక్క.

వదిన అంటే సొంత వదిన కాదు. మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. అందరం కలిపి నలభై మందిమి. మాకు పని నేర్పిన పెద్ద మెకానిక్‌ను అన్నయ్య అని పిలిచేవాళ్లం కాబట్టి ఆయన భార్య మాకందరికీ వదినైంది. ఆఫీసులో ఫోనెత్తే అమ్మాయి జ్వరమని రాకపోతే, ఒక్క పది రోజులు చూసిపెట్టమని అన్నయ్యే ఆవిణ్ణి తీసుకొచ్చాడు. ఆ పది రోజులు పద్నాలుగేళ్లయ్యాయి. ఈలోగా అన్నయ్య మోకాళ్లు అరిగిపోయి, పని మానేసి, ఇంట్లో వంట నేర్చుకున్నాడు. వదిన మాత్రం తన కుర్చీలోంచి కదల్లేదు.

ఆవిడ చేతిలో ఉన్నవి రెండు. ఒకటి బోర్డు. గోడ మీద పెద్ద తెర ఉంటుంది, ప్రతి లిఫ్టు పనికీ దాని మీద ఒక కార్డు. మొదలుపెట్టనిది తెలుపు, నడుస్తున్నది పసుపు, అయిపోయింది పచ్చ. గడువు దాటితే దానంతటదే ఎరుపైపోతుంది. రెండోది పేజీలు. ప్రతి భవనానికీ కంప్యూటర్లో ఒక పేజీ ఉంటుంది. ఏ లిఫ్టు ఎప్పుడు పెట్టారు, ఏ వైరు ఎప్పుడు మార్చారు, వాచ్‌మన్ ఏ వేళలో దొరుకుతాడు, తాళంచెవి ఎవరింట్లో ఉంటుంది, అన్నీ అందులోనే.

ఇవన్నీ మెకానిక్‌లు రాయాలని రూలు. గ్రీజు చేతులతో ఎవడు రాస్తాడు? పని అవగానే వదినకు ఫోన్ చేసేవాళ్లం, ఆవిడ రాసుకునేది. ఊరికే రాసుకుంటే బాగానే ఉండేది. అలా కాదు, మూడు ప్రశ్నలు అడిగేది. ఏం చేశావు, ఏం వదిలేశావు, నీకేం అనుమానం. మొదటిదానికి ఎవడైనా చెబుతాడు. రెండోదానికి కాసేపు నీళ్లు నములుతాడు. మూడోదానికి మాత్రం నిజం బయటికొచ్చేది. ఎందుకంటే ఆవిడ తిట్టదు, మాట బయటికి పోదు. నోట్లో పెన్ను పెట్టుకుని ఊఁ, ఊఁ అంటూ వింటుంది. మా లిఫ్టుల జబ్బులన్నీ ఆ ఊఁ లోనే బయటపడేవి.

ఇక మా యజమాని. చెడ్డవాడు కాదు. మా వాళ్ల పిల్లలకు జబ్బు చేస్తే తన కారిచ్చి పంపిన మనిషి. కానీ ఎరుపు చూస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. శుక్రవారం మీటింగులో బోర్డు మీద ఎర్ర కార్డు ఎవరిదైతే వాణ్ణి లేచి నిలబడమంటాడు. తర్వాత ఒకటే మాట, "చదువు." అందరి ముందూ ఆ కార్డు పైనుంచి కిందిదాకా చదవాలి. ఓసారి మా బాబాయి వంతు వచ్చింది. బాబాయి అంటే మాలో వయసులో పెద్ద మెకానిక్, యాభై ఎనిమిదేళ్లవాడు. జేబులన్నీ తడుముకున్నాడు, కళ్లజోడు దొరకలేదు. యజమాని చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. మేమంతా తలలు దించుకున్నాం. బాబాయి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంటే మా మనసు చివుక్కుమంది.

ఆ తర్వాతి గురువారం సాయంత్రం బాబాయి వదిన దగ్గరికెళ్లి, అమ్మా, నా కార్డు రేపొక్కరోజు పచ్చలో పెట్టు, సోమవారానికల్లా పని పూర్తి చేస్తాను అన్నాడు. ఆవిడ పెట్టింది. ఇంకేముంది, ఒకరిని చూసి ఒకరం తయారయ్యాం. గురువారం నాలుగు దాటితే వదిన బల్ల చుట్టూ మెకానిక్‌లే. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ వరుసలో ముందుండేవాణ్ణి నేనే. శుక్రవారానికి బోర్డు నిండా పచ్చ. యజమాని మురిసిపోయేవాడు. సోమవారం పూర్తి చేస్తామన్న పనులు కొన్ని సోమవారమే అయ్యేవి, కొన్ని నెలకు అయ్యేవి, కొన్నిటిని మేమే మర్చిపోయేవాళ్లం.

వదిన మర్చిపోయేది కాదు. ఎక్కడో రాసుకుంటుందని అందరికీ తెలుసు. ఎక్కడన్నది మాత్రం నేనొక్కణ్ణే చూశాను. పేజీల్లో ఓ మూల ‘పాత కుర్చీల వివరాలు’ అని ఒక పేజీ ఉంది. ఎప్పుడో విరిగిన కుర్చీలు అమ్మేద్దామనుకున్నప్పటిది. పైన నిజంగానే కుర్చీలున్నాయి, చెయ్యి విరిగినవి మూడు, చక్రం ఊడినవి ఐదు. ఆ కిందనుంచి మా పాపాల చిట్టా. నాలుగు గడులు గీసుకుంది. ఏ భవనం, ఏం మిగిలింది, ఎవరు చెప్పారు, పచ్చలో పెట్టింది ఎవరు. నాలుగో గడిలో పైనుంచి కిందిదాకా ఒకటే మాట, ‘నేను’. ఎవరైనా పని పూర్తి చేస్తే పక్కన తేదీ వేసేది. గీత కొట్టేసేది కాదు.

ఇంతకీ బోర్డులోకి వెళ్లడానికి ఆఫీసంతటికీ ఒకటే పాస్‌వర్డు. ఏ కార్డును ఎవరు జరిపారో బోర్డుకు తెలీదు. ఆ ఒక్క పేజీకే తెలుసు.

ఆ పేజీతోనే ఆవిడ లోకాన్ని నడిపింది. మా లిఫ్టు బాగైనట్టేనా అని భవనాల వాళ్లు ఫోన్ చేస్తే ఆవిడ బోర్డు చూసేది కాదు, పాత కుర్చీలు చూసేది. ఇంకో నాలుగు రోజులు కుడివైపు లిఫ్టే వాడండి బాబూ అని చెప్పేది. ఏదో సాకు తనే కల్పించి చెప్పేది. అలా ఇన్నేళ్లూ మా పరువూ దక్కింది, జనం కాళ్లూ దక్కాయి.

ఈ ఏడు మా యజమాని ఏఐ అసిస్టెంటును తెప్పించాడు. బోర్డుకీ పేజీలకీ దాన్ని కలుపుతారట, ఏమడిగినా అవి చదివి జవాబు చెబుతుందట. భవనాల వాళ్లు ఫోన్ చెయ్యక్కర్లేదు, ఫోన్లోనే ప్రశ్న రాస్తే క్షణంలో జవాబు. కలపడానికి ఒకమ్మాయి వచ్చింది. కనెక్ట్ చేయడానికొచ్చానండీ అనగానే బాబాయి మర్యాదగా ప్లగ్ పాయింటు చూపించాడు. ఆమె నవ్వి, వైర్లేమీ ఉండవండీ, అనుమతులే అంది. ఆ రోజు నుంచి ఆమెకు వైర్లమ్మాయి అని పేరుపడిపోయింది.

అనుమతులంటే ఇదీ. తెర మీద పేజీల జాబితా వస్తుంది. అసిస్టెంటు చదవొచ్చు అన్న పేజీలకు టిక్కు పెట్టాలి. పెట్టాల్సింది వదిన. నేను పనిమాలా ఆ పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆవిడ వరసగా టిక్కులు పెట్టుకుంటూ వచ్చి, పాత కుర్చీల దగ్గర వేలు ఆపి, నా వైపు ఒక్క చూపు చూసి, దాన్ని వదిలేసి ముందుకెళ్లింది. ఇదెందుకు వదిలేశారని వైర్లమ్మాయి అడిగింది. కుర్చీలమ్మా, విరిగినవి, అంది వదిన. నేను లేచి వెళ్లి ఆవిడకు టీ తెచ్చిచ్చాను. పద్నాలుగేళ్లలో నేను తెచ్చిచ్చిన మొదటి టీ అదే అని ఆవిడ గుర్తు చేసింది.

వారం రోజులు అంతా సుఖం. వదిన ఫోను మోగడం తగ్గింది. అసిస్టెంటు ఎవరికేం చెప్పిందో సాయంత్రం ఓసారి చూసుకోవడమే ఆవిడ పని. పదో రోజో పదకొండో రోజో, మధ్యాహ్నం పూట నాకు ఫోన్ చేసింది. "మరిది గారూ, ఒకసారి ఆఫీసుకు రండి" అంది. ఆవిడ నన్ను మరిది గారూ అందంటే నా పని అయిపోయినట్టే.

వెళితే తెర చూపించింది. ఆరంతస్తుల భవనంలో నాలుగో అంతస్తున ఒక కళ్లాసుపత్రి ఉంది. అక్కడి ఎడమవైపు లిఫ్టు నాది. బ్రేకు లైనింగు అరిగిపోయి, బరువెక్కితే లిఫ్టు గుమ్మానికి రెండు వేళ్లు కిందికి దిగి ఆగుతోంది. కొత్త లైనింగు రాలేదు. ఆ సంగతి వదినకు చెప్పి, కార్డు మాత్రం పచ్చలో పెట్టించుకున్నాను. ఆవిడ ఆసుపత్రి మేనేజరుకు చెప్పి ఆ లిఫ్టుకు అడ్డంగా తాడు కట్టించింది. ఆ మేనేజరు పాపం, కొత్త పద్ధతి వచ్చింది కదా అని, మా ఎడమ లిఫ్టు పని పూర్తయిందా అని అసిస్టెంటును అడిగాడు. అది బోర్డు చూసి, పని పన్నెండో తేదీన పూర్తయింది, ఇంకేమైనా సాయం కావాలా అంది. ఆయన తాడు విప్పేశాడు.

అప్పటికే వదిన ఫోన్ చేసి మళ్లీ కట్టించింది. ఈలోపే, కంటికి కట్టుతో బయటికొచ్చిన పెద్దావిడ ఒకరు ఆ లిఫ్టెక్కబోయి, అడుగు అందక తూలారట. కూతురు జబ్బ పట్టుకుని ఆపిందట. దెబ్బ తగల్లేదు, ఒక చెప్పు మాత్రం లిఫ్టు సందులోంచి గుంటలో పడింది.

నాకు కోపం వచ్చింది. చదివి చెప్పిన ఆ యంత్రాన్ని ఎడాపెడా తిట్టాను. వదిన విని, అది అబద్ధమాడలేదయ్యా, మనం పెట్టిన అబద్ధాన్నే మర్యాదగా చదివింది అంది. ఆ తర్వాత, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, సోమవారం పదింటికి ఆ పేజీకి కూడా టిక్కు పెడతానంది.

ఇక చూడండి నా వీరంగం. మాట బయటికి పోదని ఇన్నేళ్లు నమ్మించారు, ఇప్పుడు అందర్నీ యజమాని ముందు నిలబెడతారా అన్నాను. ఈ దెబ్బతో ఇక ఎవడూ మీకు నిజం చెప్పడన్నాను. అన్నయ్య ఉంటే ఇలా జరగనిచ్చేవాడు కాదని కూడా అన్నాను. అన్నయ్య నిక్షేపంగా ఇంట్లో కూరగాయలు తరుగుతున్నాడు, కోపంలో ఆ సంగతి నాకు గుర్తు లేదు. ఆవిడ అన్నీ విని ఒక్క మాటే అంది.

"మీరు నాకు చెప్పేది జనం పడిపోకూడదని. మీరు తిట్లు తినకూడదని కాదు. ఇన్నాళ్లూ రెండూ కుదిరాయి. ఇప్పుడు కుదరట్లేదు."

ఆ సాయంత్రమే అందర్నీ పిలిచి పేజీ తెరిచి చూపించింది. ముప్పై ఒక్క లైన్లు మిగిలున్నాయి. ఏడు నావే. సోమవారం పది దాకా టైముంది, ఎవరి పేరు మీదున్నది వాళ్లు పూర్తి చేసుకోండి, పూర్తయిన ప్రతిదానికీ తేదీ వేస్తాను అంది. పూర్తయ్యాక లైను తీసేయొచ్చు కదమ్మా అని ఎవరో గొణిగారు. తీసెయ్యను అంది. నేను మాత్రం బయటికొస్తూ, ఆ నాలుగో గడి తీసెయ్యండి, మా తిప్పలు మేం పడతాం, మీరెందుకు ఇరుక్కోవడం అన్నాను, కోపంగానే. చూద్దాంలే అంది.

శని, ఆదివారాలు మేం పడ్డ హైరానా చెప్పనలవి కాదు. తల ప్రాణం తోకకొచ్చింది. మూడేళ్ల కిందటి తలుపు స్ప్రింగులు, ఎవరికీ వినపడని అలారం గంటలు, వెలగని మీటలు. బాబాయి కళ్లజోడుకు తాడు కట్టి మెడలో వేసుకుని మరీ డాబాలెక్కాడు. నేను ముందు కళ్లాసుపత్రికి వెళ్లాను. లైనింగు లేకుండా చేయగలిగిందేమీ లేదు. కరెంటు తీసేసి, తలుపుకు తాళం వేసి, పని పూర్తి కాలేదు, వాడవద్దు అని నా చేత్తో రాసి అంటించాను. గుంటలోకి దిగి ఆ చెప్పు కూడా తీశాను. గోధుమరంగు చెప్పు, మడమ దగ్గర అరిగిపోయింది. దాన్ని గుడ్డతో తుడిచి మేనేజరుకిచ్చాను. నాకు భయమేసిందని ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ కూడా అలాంటివే వేసుకుంటుంది.

సోమవారం పొద్దున మిగిలినవి తొమ్మిది. అసిస్టెంటు గొప్పతనం మాకు చూపించాలని యజమాని ఆ రోజే ప్రత్యేకంగా మీటింగు పెట్టాడు. పదింటికి వదిన టిక్కు పెట్టడం నేను కళ్లారా చూశాను. పదీ పదికి ఆయన పెద్ద తెర ముందు నిలబడి, పూర్తికాని పనులేమైనా ఉన్నాయా అని నవ్వుతూ అడిగాడు. బోర్డు మీద అన్నీ పచ్చగా ఉన్నా తొమ్మిది పనులు పూర్తి కాలేదు, ఆధారం పాత కుర్చీల వివరాలు, అని జవాబు వచ్చింది. కుర్చీలేమిటి అన్నాడు. ఎవరో దగ్గారు. పేజీ తెరుచుకుంది. అందరి పేర్లూ గోడంత అక్షరాల్లో కనిపించాయి. వీటిని పచ్చలో పెట్టింది ఎవరని ఆయన అడిగాడు. అన్నిటికీ ఒకే జవాబు వచ్చింది, ‘నేను’.

నాలుగో గడి అలాగే ఉంది. ఒక్క అక్షరం మార్చలేదు.

వదిన తనే లేచి నిలబడింది. ఎందుకిలా చేశావమ్మా అని యజమాని అడిగాడు, అరవకుండానే. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

"మీరు ఎరుపు చూస్తే మనుషుల్ని నిలబెడతారు. నిలబెడితే వాళ్లు చెప్పడం మానేస్తారు. ఎవరో ఒకరికి చెప్పాలి కదండీ, నాకు చెప్పనిచ్చాను. పచ్చలో పెట్టడం మాత్రం తప్పే. ఆ తప్పు నాది."

ఆయన చాలాసేపు పేజీ చదువుకున్నాడు. తొమ్మిదింటిలో ఐదు పనులు సామాన్ల కోసం ఆగి ఉన్నాయి. ఆ సామాన్లు తెప్పించమని అడిగిన కాగితాలు ఆయన బల్ల మీదే సంతకం లేకుండా పడి ఉన్నాయి. అది కూడా ఆ పేజీలో తేదీలతో సహా ఉంది. ఆయన మొహం ఎర్రబడింది. ఎవర్నీ నిలబడమనలేదు, చదవమనలేదు. మధ్యాహ్నానికల్లా ఐదు కాగితాల మీదా సంతకాలయ్యాయి. శుక్రవారం చదివింపులు ఆనాటితో ఆగిపోయాయి. ఇప్పుడు బోర్డు మీద ఎర్ర కార్డులు ఎన్నో ఉంటాయి. ఏం కావాలి అని అడుగుతాడు, అంతే.

వదిన విషయంలో మాత్రం ఆయన మెత్తబడలేదు. రికార్డు మార్చిన చేతికి మళ్లీ రికార్డు ఇవ్వలేనమ్మా అన్నాడు. ఆవిణ్ణి విడిభాగాల కౌంటర్లో వేశాడు. ఆవిడ కళ్లజోడు, పెన్నుల డబ్బా, వీపు వెనక పెట్టుకునే చిన్న దిండు తీసుకుని కింది గదిలోకి దిగిపోయింది. మేమంతా మెట్ల మీద నిలబడి చూశాం. ఇప్పుడు మా పనులు మేమే ఫోన్లో చెబుతాం, అసిస్టెంటు రాసుకుంటుంది. వెళ్లేముందు వదిన వైర్లమ్మాయితో అరగంట మాట్లాడిందట. అందుకని అదీ మమ్మల్ని ఆ మూడు ప్రశ్నలే అడుగుతోంది. నిజమే చెబుతున్నాం. కాకపోతే దానికి ఊఁ అనడం రాదు.

నెల తిరక్కుండా కళ్లాసుపత్రి లైనింగు వచ్చింది. తీసుకోవడానికి కింది గదికి వెళ్లాను. ఊచల కిటికీ వెనక వదిన నట్లూ బోల్టులూ సైజులవారీగా డబ్బాల్లో సర్దుతోంది. ఆ మీటింగు తర్వాత మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. తప్పు నాదే. లైనింగు నా ముందు పెట్టి, రిజిస్టరు తిప్పింది. సంతకం పెట్టాను కానీ కదల్లేకపోయాను. కడుపులో ఉన్నది అడిగేశాను.

"బోర్డు పాస్‌వర్డు అందరిదీ. మీరే జరిపారని ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఒక్క గడి తీసేసి ఉంటే మీ కుర్చీ మీకుండేది కదా వదినా."

ఆవిడ చేతిలో ఉన్న బోల్టు ఏ డబ్బాలోదో చూసుకుని, అందులో వేసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"బోర్డు మీద ఎన్ని అబద్ధాలు పెట్టానో నాకే లెక్క లేదయ్యా. నిజం రాసుకున్న చోటు అదొక్కటే. దాంట్లో కూడా అబద్ధం పెట్టమంటావా?"